గుట్ట దిగుడు

స్వామి మళ్ల సిద్ధుల గుట్టకు పోవట్టి ఇయ్యాలటికి పన్నెండు రోజులు. ఈ పన్నెండు రోజుల నుంచి కృపకు అలారంతోని పని పడలేదు. పొద్దుగాల ఐదింటికి వాకిట్ల గాలి పంపు చప్పుడు మొదలుకాకముందే కండ్లు తెరుసుకుంటున్నయి.

ఆ సోమవారం గూడ అంతే. టీ గిలాస పట్టుకొని గడపల నిలబడి చూస్తున్నది. వాకిట్ల బల్బు కింద స్వామి గొంతుక్కూసొని ముందటి టైరును బొటనవేలుతోని ఒత్తి, జర గాలి వదిలిండు. బండ మీద టైరు పట్టు దొరకాలంటే గాలి తక్కువుండాల్నట. తర్వాత రెండు బ్రేకులు పట్టిండు, విడిచిండు, మళ్ల పట్టిండు. ఎడమ కనుబొమ్మ మీద ఆరు కుట్ల గీత ఇంకా ఎర్రగనే ఉన్నది. మొన్న క్రిస్మస్ నాలుగు రోజులున్నదనంగ అదే గుట్ట మీంచి పడి తెచ్చుకున్న గీత. భుజం గూడ జారింది. పండుగంత చెయ్యి మెడకు కట్టుకొని చర్చిల కూసున్నడు.

"ఇయ్యాల్టికి రోడ్డు మీదనే తొక్కరాదా?" అన్నది కృప.

"రోడ్డు మీద తొక్కితే గుట్టల పందానికి ఏం పనికొస్తది?"

"డాక్టర్ సారు ఏమన్నడు?"

"భుజం మంచిగైందన్నడు. నీ ముంగటనే గద అన్నది." స్వామి గిలాస తీసుకొని రెండు గుటకలల్ల టీ తాగిండు. హెల్మెట్ పట్టీ బిగించుకున్నడు. "ఏడు దాటకముందే వస్త. ప్రియను లేపి పెట్టు."

సైకిల్ గల్లీ మలుపు తిరిగేదాక కృప చూసింది. ఎనుక ఎర్ర లైటు మలిగి, వెలిగి, గోడ చాటుకు పోయింది. అప్పటి నుంచి ఆమె బుగులు మొదలైంది.

బియ్యం కడుగుతుంటే బండ మీద తలకాయ తాకిన చప్పుడు చెవుల వినవడుతది. గల్లీల మోటార్ సైకిల్ ఆగితే ఎవలో కబురు తెచ్చిండ్రనుకుంటది. పక్కింట్ల ఫోను మోగితే చెయ్యి ఆడదు. ప్రియకు జడలేస్తుంటే పిల్ల "అమ్మా, గట్టిగ గుంజుతున్నవ్" అని ఒర్రింది. ఏడైంది. ఏడుంపావైంది. అత్త ఆశమ్మ వాకిట్ల కూసొని పండ్లు తోముకుంట కోడలి మొఖం దిక్కు చూస్తున్నది.

ఏడూ ఇరవైకి స్వామి వచ్చిండు. పిక్కల మీద ఎర్రమట్టి, అంగి ఈపుకు అతుక్కొని ఉన్నది.

"ఎన్నిసార్లు?"

"నాలుగు సార్లు ఎక్కిన, దిగిన."

"పైలంగ దిగినవా?"

"ఊఁ" అన్నడు. ఆమె మొఖం చూడకుండ నీళ్ల బకెట్ తీసుకొని బాత్రూములకు పోయిండు. అర గంటల తయారై, ప్రియను ఎనుక కూసోవెట్టుకొని మామూలు సైకిల్ మీద బడికి పోయిండు. ప్రియ సదివేది, స్వామి ఆటల సారుగ పనిచేసేది ఆ బడే. ఆదివారం ఆదిలాబాద్ దిక్కు అడివిల సైకిల్ పందెం. వంద కిలోమీటర్లు, మొత్తం గుట్టలు, రాళ్ల తొవ్వలు. బడి కరస్పాండెంట్ లక్ష్మీరాజం సారు గేటు మీద స్వామి ఫోటోతోని పెద్ద ఫ్లెక్సీ కట్టిచ్చిండు.

కృప కూలికి పోయే మార్కెట్ యార్డుల పసుపు సీజన్ జోరు మీద ఉన్నది. బాల్కొండ దిక్కు నుంచి వచ్చిన ట్రాక్టర్లు తెల్లారక ముందే కుప్పలు పోసి పోయినయి. కృప, రత్నవ్వ ఒక కుప్పకు అటొకలు ఇటొకలు కూసొని పొడుగు కాడీలు ఒక దిక్కు, గుండ్రటి గోళలు ఒక దిక్కు ఏరుతున్నరు. ముక్కులకు, కనురెప్పలకు పసుపు దుమ్ము పట్టింది.

రత్నవ్వ గుట్ట అవుతలి పల్లె నుంచి రోజు నడిచొస్తది. చాట చెరుగుకుంట ఉన్నట్టుండి అడిగింది.

"కృపా, మీ ఆయన పానం మంచిగున్నదా?"

కృప చెయ్యి ఆగింది. "ఎందుకక్కా?"

"ఏం లేదు. పొద్దుగాల వచ్చేటప్పుడు రెండు మూడుసార్లు చూసిన. గుట్ట మీద బండకు సైకిల్ పండవెట్టి, మోకాళ్ల నడుమ తలకాయ పెట్టుకొని కూసుంటున్నడు. శానసేపు. దమ్ము అందుతలేదేమో అనుకున్న."

ఇన్ని రోజులు కృప స్వామి పడుడు గురించే బుగులు పడింది. గుండె గురించి తలపుకే రాలేదు. మామ నడిపయ్య నలభై రెండేండ్లకు మక్కచేన్ల ఛాతి పట్టుకొని కూసున్నోడు మళ్ల లేవలేదు. స్వామికి ఇప్పుడు ముప్పై ఆరు.

ఇంటికి పోయినంక అత్తను మెల్లగ అడిగింది. "అత్తా, మామ పోయే ముందుగాల ఎట్ల ఉండేటోడు?"

ఆశమ్మ చింతపండు గింజలు తీస్తున్నది. "ఎట్లుంటడు, మంచిగనే ఉండె. నాలుగు దినాలు మాట తక్కువైంది. తిండి తక్కువైంది. నేను పని అలసట అనుకున్న." గింజ కొడుతున్న చెయ్యి ఆపి కోడలి మొఖం చూసింది. "ఎందుకడుగుతున్నవ్?"

"ఊకెనే."

ఆ రాత్రి బువ్వ ముంగట కూసొని స్వామి రెండు బుక్కలు తిని చెయ్యి కడిగిండు. ప్రియ "డాడీ, నువ్వు ఫస్ట్ వస్తవా?" అని అడిగితే "సూద్దాం బిడ్డా" అన్నడు. మాట తక్కువ, తిండి తక్కువ.

మంగళవారం పొద్దుగాల స్వామి వచ్చి అంగి విప్పుతుంటే దగ్గరికి పోయి ఛాతి మీద అరచెయ్యి పెట్టింది. గుండె టపటప కొట్టుకుంటున్నది. అది జబ్బు చప్పుడో, సైకిల్ తొక్కిన చప్పుడో ఆమెకు ఎట్ల తెలుస్తది?

"ఏమైంది?" అన్నడు.

"నిజామాబాద్ పెద్ద దవాఖానకు పోదాం. గుండె పట్టీ, గదే ఈసీజీ, తీయించుకో."

"నాకేమైంది? మంచిగున్న."

"రత్నక్క చూసిందట. గుట్ట మీద దమ్ము అందక కూసుంటున్నవట."

స్వామి మొఖంల రంగు మారింది. తువ్వాలతోని మెడ తుడుసుకున్నడు. "అలిసిపోతే కూసోరా? నాలుగుసార్లు ఎక్కి దిగితే అలుపు రాదా? నువ్వు యార్డుల అందరితోని నా గురించి ముచ్చట పెట్టకు." గొంతు జర గట్టిగనే వచ్చింది. ఎన్నడు గట్ల మాట్లాడనోడు. కృప తనే పోయి చూడాలనుకున్నది.

బుధవారం స్వామి సైకిల్ గల్లీ దాటంగనే కృప చున్నీ నెత్తికి చుట్టుకున్నది. "ఇయ్యాల బస్తాలు ఎక్కువొచ్చినయట అత్తా, జల్ది రమ్మన్నరు. ప్రియకు బువ్వ పెట్టు" అని అబద్ధం చెప్పింది. స్వామి ముందుగాల హైవే మీద దూరం తొక్కి, తర్వాత గుట్టకు వస్తడని ఆమెకు ఎరుకే. నడిచి పోయినా అందుకోవచ్చు.

గుడి మెట్లున్న దిక్కు గాకుండ ఎనుక దిక్కు పోయింది. ఇంకా మసకమసకగనే ఉన్నది. నల్లటి బండలు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు, ఏది ఎప్పుడు దొర్లుతదో తెల్వనట్టు ఉన్నయి. మేకలు నడిచిన సన్న తొవ్వ. చెప్పులు జారుతుంటే చేతుల పట్టుకున్నది. పోయినేడు ఈ దిక్కు ఎలుగుబంటి తిరిగిందని ఎవలో అన్నది యాదికొచ్చింది. పొదల ఏదో కదిలింది. "ప్రభువా, ప్రభువా" అనుకుంట నిలబడ్డ చోటనే నిలబడ్డది. నెమలి. ఒర్రుకుంట ఎగిరిపోయింది. చున్నీ సదురుకొని మళ్ల ఎక్కింది.

సగం గుట్ట ఎక్కంగనే కింద చైన్ చప్పుడు వినవడ్డది. పెద్ద బండ చాటుకు జరిగింది.

స్వామి వస్తున్నడు. పెండ్లయి పదేండ్లైనా ఆయన గుట్ట ఎక్కుడు ఆమె ఎన్నడు చూడలేదు. సీటు మీంచి లేచి, నడుం వంచి, ఒక్కొక్క తొక్కుడుకు సైకిల్‌ను కుడికి ఎడమకు ఊపుకుంట, రాయి వస్తే ముందటి చక్రం ఎత్తి రాయి మీద పెట్టి, ఎనుక చక్రాన్ని గుంజుకొని వస్తున్నడు. దమ్ము కొలిమి తిత్తి లెక్క తీస్తున్నడు. గని ఏడ ఆగలేదు. ఛాతి పట్టుకోలేదు. ఆమె పక్క నుంచే ఎక్కిపోయిండు. గుండె జబ్బున్నోడు గిట్ల ఎక్కుతడా? కృపకు ఏడుపొచ్చినంత పనైంది.

పైన సదును మీద స్వామి సైకిల్ మలిపిండు. ఆడి నుంచి కిందికి రెండు కరెంటు స్తంభాలంత పొడుగు ఒకటే బండ, ఏటవాలుగ. అంచు కాడికి వచ్చి నిలబడ్డడు. ఎడమకాలు పెడల్ మీద పెట్టిండు. కుడికాలు బండ మీద ఉన్నది. చక్రం జానెడు ముందుకు పోయింది. రెండు బ్రేకులు కిర్రుమన్నయి. కాలు కింద పెట్టిండు. ఎనుకకు జరిగిండు. ఊపిరి తీసుకొని మళ్ల వచ్చిండు. మళ్ల జానెడు. మళ్ల బ్రేకు.

ఏడుసార్లు. ఏడోసారి ఆయన మోకాళ్లు వణుకుడు బండ చాటు నుంచి గూడ కనవడుతున్నది. సైకిల్ పండవెట్టి కూసున్నడు. మోకాళ్ల నడుమ తలకాయ పెట్టుకున్నడు.

శానసేపటికి లేచి, సైకిల్ భుజం మీద ఎత్తుకున్నడు. మంచిగైన భుజం మీద. అడ్డంగ, ఒక్కొక్క అడుగు చూసుకుంట, దెబ్బ తాకిన దూడను మోసుకొచ్చినట్టు ఆ బండంత నడిచే దిగిండు. కింద దించినంక అటుఇటు చూసిండు. వంగి పిడికెడు ఎర్రమట్టి తీసుకొని పిక్కలకు, సైకిల్ గొట్టాలకు రుద్దుకున్నడు.

కృప మొఖం తిప్పుకున్నది. చూడకూడనిదేదో చూసినట్టు అనిపించింది.

తొవ్వ పొడుగుత కృపకు నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది. గుండె మంచిగున్నది. పైంగ, ఆయన దిగుతలేడు. నాలుగుసార్లు దిగిన అన్నది అబద్ధం. ఇన్ని రోజులు వంటింట్ల తను విన్న చప్పుళ్లన్నీ ఉత్తయే. ఆ రోజు యార్డుల రత్నవ్వతోని పాత ముచ్చట్లు పెట్టి నవ్వింది. మాపటికి చేపల పులుసు వండింది, తనే రెండుసార్లు వడ్డించుకొని తిన్నది. కంటినిండ నిద్ర పోయింది. ఎందుకు దిగుతలేడని ఆలోచించలేదు. దిగుతలేడు, అంతే సాలు.

గురువారం పగటీలి యార్డుల లారీ లోడ్ చేస్తున్నరు. నేల మీంచి లారీకి మందపాటి చెక్క వాలుగ వేసిండ్రు. హమాలీలు ఈపు మీద బస్తాతోని ఆ చెక్క మీద ఎక్కి, లోపల వేసి, దునుకుతున్నరు. ఎవలు కాళ్ల దిక్కు చూస్తలేరు. వాళ్లల్ల భీమన్న ఒకడు. ఇరవై ఏండ్ల సంది మోస్తున్న మనిషి. నడుము పట్టేసి రెండు నెలలు ఇంట్ల ఉండి, ఆ రోజే పనికొచ్చిండు.

భీమన్న చెక్క నడుమకు వచ్చి ఆగిండు. ఎందుకు ఆగిండో ఎవలకు తెల్వది. కిందికి చూసిండు. ఎనుకోడు "నడువన్నా" అన్నడు. భీమన్న కాలు ఎత్తిండు, పెట్టలేదు. మళ్ల ఎత్తిండు. అందరు చూస్తున్నరని షరమైందో ఏమో, ఒక్కసారే బిరబిర రెండడుగులు వేసిండు. చెక్క ఊగింది. బస్తాతోని పాటు పక్కకు పడ్డడు.

కృప చెరుగుతున్న చాట వదిలి లేచి నిలబడ్డది. భీమన్నకు కాలు మడత పడ్డది గని ఇంకేం కాలేదు. నలుగురు ఎత్తి నీడకు కూసోవెట్టిండ్రు. చినిగిన బస్తాల నుంచి పసుపు కాడీలు లారీ చక్రాల కిందికి దొర్లినయి. అందరు అవి ఏరుతున్నరు. కృప మాత్రం నిలబడే ఉన్నది.

ఆదివారం స్వామి పందానికి పోతున్నడు. ఆడ గూడ బండలుంటయి. ఈ గుట్ట మీదోలె ఎవలు చూడని తావు గాదు. ఎనుక నుంచి సైకిళ్లు వస్తుంటయి, పక్కల మనుషులు నిలబడి ఒర్రుతుంటరు. ఆడ సైకిల్ భుజం మీద ఎత్తుకుంటడా? ఎత్తుకోడు. షరంకు కండ్లు మూసుకొని దునుకుతడు.

నిన్నటి నిద్ర, నిన్నటి పులుసు, నిన్నటి నవ్వు అన్నీ తప్పనిపించినయి. ఇంత బుగులు ఆయన పడ్డనాడు గూడ కాలేదు.

పొద్దుమూకేటప్పటికి స్వామి మంచం మీద సంచి సర్దుతున్నడు. ట్యూబులు, పంచర్ అతుకులు, బెల్లం వేసిన పల్లీ లడ్డూలు. ఆశమ్మ ప్రియను తీసుకొని పాటల ప్రాక్టీసుకు చర్చికి పోయింది. కృప వచ్చి మంచం కోడు కాడ కింద కూసున్నది.

"ఒక మాట అడగాలె."

"అడుగు."

"పందెంల దిగే బండలు ఎన్నుంటయి?"

"పెద్దయి మూడు."

"గవి గూడ భుజం మీద మోసుకొనే దిగుతవా?"

లడ్డూల డబ్బా మూత పెడుతున్న స్వామి చెయ్యి ఆగిపోయింది.

"ఎప్పుడు చూసినవ్?"

"నిన్న."

"ఎంత చూసినవ్?"

"మొత్తం. మట్టి పూసుకునేది గూడ."

స్వామి గోడ దిక్కు తిరిగిండు. చెవులు ఎర్రబడ్డయి. "అమ్మకు చెప్పినవా?"

"లేదు."

"నవ్వుకున్నవా?"

"నవ్విన. ఇగ పడడు, బతికిపోయినం అని సంతోషంతోని నవ్విన." కృప చున్నీ అంచు వేలికి చుట్టుకున్నది. "ఇయ్యాల యార్డుల భీమన్న చెక్క మీంచి పడ్డడు. ఇరవై ఏండ్ల సంది ఎక్కినోడు. నడుమల ఆగిండు గందుకే పడ్డడు. అందరు చూస్తున్నరని ఉరికిండు గందుకే పడ్డడు. నువ్వు గూడ గట్లనే చేస్తవ్. నాకు ఎరుకే."

స్వామి గోడతోనే అన్నట్టు అన్నడు.

"ఎక్కేటప్పుడు ఏం కాదు. అంచు కాడికి పోంగనే, దవాఖానల నువ్వన్న మాట వినవడుతది."

ఏ మాట అని కృప అడగలేదు. కుట్లు వేస్తుంటే ఒర్రుకుంట అన్నది: నువ్వు పోతే నీ బిడ్డకు ఆ సైకిల్ చూపిచ్చి ఇదే మీ డాడీ అని చెప్పాల్నా అని. అన్నప్పుడు ఆమె బుగులు ఆ మాటతోని జర తగ్గింది. ఆ బుగులు పోయి ఆయనల కూసున్నది.

"నేను బుగులు పడి అన్న" అన్నది మెల్లగ.

"తప్పన్నవని నేనంటలేను. నిజమే గద అది. గందుకే చెవుల నుంచి పోతలేదు."

"మరి నాకెందుకు చెప్పలే?"

"ఏమని చెప్పాలె? నువ్వు రోజు గడపల నిలబడి వణుకుతవ్. నాకేం బుగులు లేదు అంటేనే నువ్వు ఇంత బువ్వ తింటవ్. నాకు గూడ బుగులైతుందంటే ఈ ఇంట్ల ధైర్యం చెప్పెటోళ్లు ఇంకెవలున్నరు?"

కృప ఆయన మడిమ మీద చెయ్యి వేసింది. గట్టి మడిమ, సల్లగ ఉన్నది.

"ఈ ఐతారం పందానికి పోకు" అన్నది. "ఎన్నటికీ పోకు అంటలేను. గిట్ల పోకు."

"సారు ఫ్లెక్సీ కట్టిచ్చిండు. బస్సు టికెట్ గూడ తనే తీసిండు."

"ఫ్లెక్సీ దిగుతదా బండ?"

స్వామికి నవ్వు రాబోయి ఆగిపోయింది. చేతులతోని మొఖం మూసుకున్నడు. భుజాలు కదిలినయి. కృప లేవలేదు, సముదాయించలేదు. మడిమ పట్టుకొనే కూసున్నది.

శుక్రవారం బడి నుంచి ప్రియ ముందుగాల ఉరుక్కుంట వచ్చింది. సంచి మూలకు పడేసింది.

"అమ్మా, డాడీ పందానికి పోతలేడంట. ప్రేయర్ అయినంక లక్ష్మీరాజం సారు అందరి ముంగట డాడీని పిలిచి చప్పట్లు కొట్టమన్నడు. డాడీ పోతలేనన్నడు. జ్వరమా అని సారు అడిగిండు. జ్వరం గాదు సార్, దిగాలంటే బుగులైతుంది అన్నడు."

కృప పొయ్యి మీద గంజి చూసుకుంట అడిగింది. "అప్పుడు?"

"పెద్ద క్లాసోళ్లు నవ్విండ్రు. సారు లోపలికి పోయిండు."

"నువ్వు?"

"నేను నవ్వలే" అన్నది ప్రియ. తర్వాత గొంతు తగ్గించి, "నాకు ఏడుపొచ్చింది" అన్నది.

స్వామి ఎనుకనే వచ్చిండు. సైకిల్ గోడకు ఆనించి, కాళ్లు కడుక్కొని బువ్వకు కూసున్నడు. పెట్టినంత తిన్నడు. ఆశమ్మ కొడుకు దిక్కు, కోడలి దిక్కు చూసి, ఇంత మామిడి తొక్కు తెచ్చి ఆయన పళ్లెంల వేసింది.

శనివారం పొద్దుగాల పంపు చప్పుడు వినవడలేదు. కృప కండ్లు తెరిచి చూస్తే స్వామి మంచం పక్కన నిలబడి ఉన్నడు.

"నాతోని గుట్టకు వస్తవా?"

ఇద్దరు నడిచే పోయిండ్రు, నడుమల సైకిల్ తోలుకుంట. పెద్ద బండ దిక్కు పోలేదు. దానికి కింద ఇంకో చిన్న బండ ఉన్నది, గుడిసె నడిమి నిట్టాడంత పొడుగు. అయినా పైకెక్కి కిందికి చూస్తే కృపకు కండ్లు తిరిగినయి.

"నువ్వు కింద నిలబడకు" అన్నడు స్వామి. "పక్కకు జరుగు."

జరిగింది. స్వామి కాలు పెడల్ మీద పెట్టిండు. జానెడు పోయి బ్రేకు పట్టిండు. కాలు దించిండు. రెండోసారి గూడ అంతే. కృప నాలిక చివరకు 'వద్దు' అన్న మాట వచ్చింది. పండ్ల నడుమ పట్టుకున్నది. 'దిగు' అన్న మాట గూడ అనలేదు.

మూడోసారి నడుం ఎనుకకు వంచి, సీటు మీంచి లేచి, వదిలిండు. ఎనుక చక్రం పక్కకు గుంజింది. కృప చెయ్యి తనంతట తనే నోటికి పోయింది. బ్రేకు కీసుమన్నది, గులకరాళ్లు లేచినయి, అంతే, సైకిల్ కింద మట్టిల నిలబడ్డది. స్వామి దాని మీదనే ఉన్నడు. తన చేతుల దిక్కు చూసుకుంటున్నడు.

"ఇంకోసారి" అన్నడు దమ్ము తీసుకుంట.

పొద్దు బండల మీదికి వచ్చింది. యార్డు యాళ్లయితున్నది. కృప చెప్పులు వేసుకున్నది.

"నేను పోత."

"జర ఆగవా? నువ్వుంటే ధైర్యముంటది."

"నేనుంటే నువ్వు నా మొఖం చూసుకుంట దిగుతవ్. బండను చూసుకొని దిగు."

స్వామి సైకిల్ మలుపుకొని పైకి తోలుకుంట పోయిండు.

కృప మేకల తొవ్వల దిగుతున్నది. ఎనుక చైన్ చప్పుడు పైదాక పోయి ఆగింది. ఆమె కాళ్లు గూడ ఆగినయి. కడుపుల అదే బుగులు, సోమవారం ఎంతున్నదో అంతే ఉన్నది. బ్రేకు కీసుమన్నది. రాళ్లు దొర్లినయి. తర్వాత ఏ చప్పుడు లేదు. చున్నీ కొసను పిడికిట్ల గట్టిగ పట్టుకున్నది. మెడ ఎనుకకు గుంజుతున్నది. తిరగలేదు. ఒకటి, రెండు, మూడు ఊపిర్లు తీసుకున్నది.

చైన్ టకటకమన్నది. సైకిల్ మళ్ల పైకి పోతున్నది.

కృప తొవ్వ చూసుకుంట కిందికి దిగింది. రోడ్డు మీద పసుపు బస్తాల ట్రాక్టర్ పోతుంటే చెయ్యెత్తి ఆపి, ఎనుక ఎక్కి కూసున్నది.